పుస్తకంలో అలా లేదు

మా మేనమామను అందరూ గుసగుస అంటారు. ఎదురుపడితే గుసగుసగారు, అటు తిరిగితే ఉత్త గుసగుస. నాటకం జరుగుతున్నప్పుడు స్టేజి పక్కన, జనానికి కనపడకుండా నిలబడి, మాట మర్చిపోయిన నటుడికి ఆ మాట మెల్లిగా అందించే మనిషిని ప్రాంప్టర్ అంటారు. మావయ్య ఆ పని చేసేవాడు. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం, సాయంత్రం ఫర్నిచర్ షాపు పైనున్న హాల్లో రిహార్సలు. నాటకం అయిపోయాక నటులంతా వరసగా నిలబడి చప్పట్లు అందుకుంటుంటే, ఈయన వెనకాల చీకట్లో కూర్చుని స్క్రిప్టు కాగితాల మడతలు సరిచేసుకునేవాడు.

నేను ఆయన అక్క కూతుర్ని. వాళ్ళింటి కిందనే ఒక గదిలో ఉంటాను. కారు నడపడం నేర్పిస్తాను. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా జనం మీద అరవడమే నా వృత్తి, అందుకని ఈ కథ అక్కడక్కడా కాస్త గట్టిగా వినపడితే ఏమీ అనుకోకండి.

మావయ్యకు ఒక జబ్బుంది. ఎవరైనా నోరు తెరిచి మాట కోసం తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోలేడు. షాపులో మొదట ఆయన్ని కళ్ళ పరీక్ష దగ్గర పెట్టారు. వచ్చినవాళ్ళు గోడ మీది అక్షరాల చార్టు చదువుకుంటూ కింది వరసల్లో ఎక్కడో ఆగిపోతారు. ఎక్కడ ఆగిపోతారో చూడటమే కదా పరీక్షంటే! మావయ్య మాత్రం వాళ్ళ వెనక నిలబడి ఆ అక్షరం మెల్లిగా అందించేవాడు. వాళ్ళు టకటకా చదివేసి, తమ చూపు భేషుగ్గా ఉందని మురిసిపోయి, పనికిరాని అద్దాలు పెట్టుకుని వెళ్ళేవారు. కొన్నాళ్ళపాటు మా వీధిలో కళ్ళజోడు ఉన్నవాళ్ళే కరెంటు స్తంభాలకు ఎక్కువగా గుద్దుకున్నారు. ఓనరు సంగతి కనిపెట్టి, ఆయన్ని అక్కణ్ణుంచి లేపి వెనకగదిలో అద్దాలు అరగదీసే మిషన్ ముందు కూర్చోబెట్టాడు. ఆ మిషన్ ఒక్క క్షణం కూడా నోరు మూయదు. కాబట్టి ఇద్దరికీ పొత్తు కుదిరింది.

రెండో జబ్బు ఇంతకంటే ముదిరింది. రాసిన మాట రాసినట్టే పలకాలి. 'రేపు తప్పకుండా వస్తాను' అనాల్సినచోట 'రేపొస్తాలే' అన్న పాపానికి ఒక హీరోతో మాట్లాడటమే మానేశాడు. 'పుస్తకంలో అలా లేదు' అన్నది ఆయన ఊతపదం. కూరలో కారం ఎక్కువైనా, బస్సు ఆలస్యమైనా, వాన పడకపోయినా అదే మాట. ఏ పుస్తకంలో అని మాలో ఎవరం అడిగిన పాపాన పోలేదు.

అత్తయ్య ఆ నాటకాల్లో హీరోయిను. పగలు పరదాలు కుట్టే షాపులో పని. మా నాటకాల తెర కూడా ఆవిడ కుట్టిందే, అందుకని తెర లేవకముందు నుంచే జనం ఆవిడ పనితనం చూస్తున్నట్టు లెక్క. ఆవిడకు మాట మర్చిపోవడమన్నది తెలీదు. అయినా మావయ్య అందించేవాడు, ఎందుకైనా మంచిదని. ఏడుపు సీనులో మొహం చేతుల్లో దాచుకుని వెక్కుతూ వెక్కుతూనే, 'నాకొచ్చు, నోర్మూసుకోండి' అని పళ్ళబిగువున కసిరేది. జనం అది కూడా దుఃఖమే అనుకుని ఇంకా కరిగిపోయేవారు.

వాళ్ళ పెళ్ళి సంగతి అత్తయ్య చెబుతుంటే వినాలి.

"మీ మావయ్య నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగలేదే. ఆరోజు రిహార్సలుకి హీరో రాలేదు. వాడి మాటలు ఈయన చదివాడు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అందులో ఉంది. చదివాడు. నేను నా డైలాగు వదిలేసి, సరే అన్నాను."

"మరి మావయ్య ఏమన్నాడు?"

"ఏమంటాడు? పుస్తకంలో అలా లేదు అన్నాడు."

ఇది చెప్పి మేమంతా పడీపడీ నవ్వుతుంటే ఆవిడా నవ్వేది. నవ్వు ఆగాక మాత్రం, "ఇన్నేళ్ళ కాపురంలో ఆయన సొంత మాట ఒక్కటి వినలేదు నేను" అనేది. అది నవ్వుతూ అనేది కాదు.

నాటకాల సంఘం ఎప్పుడో చెదిరిపోయింది. హాలును ఫర్నిచర్ షాపువాళ్ళు సోఫాలతో నింపేశారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, టీవీ సీరియల్లో నటుల్ని చెరో పక్క నుంచి తిట్టుకుంటూ హాయిగానే ఉన్నారు. అలాంటప్పుడు అత్తయ్యకు ఫోనొచ్చింది. ఒకప్పుడు మా సంఘంలో నాటకాలు ఆడించిన డైరెక్టరమ్మ ఇప్పుడు ఊరూరా తిరిగే పెద్ద కంపెనీ నడుపుతోంది. కొత్త నాటకంలో ముసలి మహారాణి వేషం ఉందట, అత్తయ్య తప్ప ఎవరూ కళ్ళముందు మెదలడం లేదట, ఏడాది పొడుగునా ప్రదర్శనలట. ఆవిడ మావయ్య సంగతి కూడా ఎత్తింది. "ఆయన్నీ తీసుకురా. ఇప్పుడు మా వాళ్ళంతా చెవిలో మాటలందించే చిన్న మిషన్ పెట్టుకుంటున్నారు, ప్రాంప్టర్ అక్కర్లేదు. ఊరికే కూర్చుంటాడు, పోనీ" అంది.

ఫోను స్పీకర్లో ఉంది. ఊరికే కూర్చుంటాడు అన్న మాట దగ్గర మావయ్య మొహం మాడిపోయింది.

అత్తయ్య ఫోను పెట్టేసి, కళ్ళు మెరుస్తుండగా ఆయన వైపు తిరిగింది. "ఏమంటారు?"

"నీ ఇష్టం" అన్నాడు మావయ్య.

ఆ రెండు మాటలూ ఎంత మర్యాదైనవో అంత పనికిమాలినవి. వెళ్ళమన్నట్టూ కాదు, ఉండమన్నట్టూ కాదు, నేనొస్తానన్నట్టు అసలే కాదు. అత్తయ్య ఇంకో మాట కోసం కాసేపు చూసింది. రాలేదు. వెళ్తానని మర్నాడు తనే ఫోన్ చేసి చెప్పేసింది.

ఇంటి వాతావరణం ఇలా ఉండగా పాతపుస్తకాల బండి మీద నాకొక సినిమా స్క్రీన్‌ప్లే దొరికింది. సీన్లు, మాటలు, బ్రాకెట్లో ఎవరెటు చూడాలో, అంతా అచ్చేశారు. మావయ్యకిస్తే కాస్త కుదుటపడతాడని తెచ్చాను. ఆయన మొహం చేటంత అయింది. "సినిమాకీ పుస్తకం ఉంటుందటే! ఇన్నాళ్ళూ వీళ్ళు నోటికొచ్చింది వాగుతారనుకున్నా" అన్నాడు. ముందుమాట తిప్పేసి సరాసరి మొదటి సీనుకెళ్ళాడు. ముందుమాటలో ఎవరికీ డైలాగులు ఉండవు కాబట్టి అది ఆయన లెక్కలో పుస్తకమే కాదు. నిజానికి, ఇది షూటింగుకి ముందు రాసిన ప్రతి అనీ, తీసేటప్పుడు చాలా మార్పులు జరిగాయనీ అందులో స్పష్టంగా రాసి ఉంది. చదివి ఉంటే ఈ కథే లేదు.

సాయంత్రాలు మాకు చదివి వినిపించేవాడు. ఆడా మగా పిల్లా పెద్దా అందరి మాటలూ ఆయనే, అందరివీ గుసగుసే. కథ చిన్నది. గడియారాలు బాగుచేసే మొగుడు, ఓడలో వంటపని దొరికిన పెళ్ళాం. చివరి సీనులో ఆమె పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వెళ్తుంది. అతను బల్ల ముందే కూర్చుని ఉంటాడు. అప్పుడు అతని మాట ఒకటి. మావయ్య గొంతు సవరించుకుని చదివాడు.

"ఆగు. నేనూ వస్తాను."

కిటికీ దగ్గర బొత్తాం కుట్టుకుంటున్న అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది. "ఇంకోసారి చదవండి" అంది.

చదివాడు. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా చదివాడు. గుసగుసలో అంత బరువు ఎక్కడ పడుతుందో తెలీదు గానీ నా గుండె జల్లుమంది.

"ఇంకోసారి" అంది అత్తయ్య.

మూడోసారీ చదివి, "ఆ కింద ఇంకేం లేదోయ్. ఆమె ఆగుతుంది అని రాసి వదిలేశాడు. ఎంత పొదుపో చూశావా? మంచి రచయిత" అని పుస్తకం మూసేసి అన్నానికి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. అత్తయ్య దారం పంటితో పుటుక్కున తెంపింది.

ఆ వారమే పాత సినిమాలు ఆడించే థియేటర్లో మధ్యాహ్నం ఆటకు ఆ సినిమా పడింది. ముగ్గురం వెళ్ళాం. మావయ్య పుస్తకం తెచ్చుకున్నాడు. దాంతోపాటు షాపులో కళ్ళలోకి వేసి చూసే చిన్న టార్చిలైటు కూడా తెచ్చుకున్నాడు. లైట్లు ఆరగానే పుస్తకం ఒళ్ళో తెరిచి, టార్చి వేసి, పాతికేళ్ళ కుర్రాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. అప్పుడే నేను లేచి ఇంటికి పోవాల్సింది.

తెర మీద గడియారాల మొగుడు నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాడు. "పొద్దున్నే ఎవరొచ్చారు?" అని అందించాడు మావయ్య. "పొద్దున్నే ఎవరొచ్చారు?" అన్నాడు మొగుడు. మావయ్య నా వైపు తిరిగి, తృప్తిగా, "మంచి నటుడే. ఒక్కసారికే అందుకున్నాడు" అన్నాడు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి ఉష్ అన్నాడు. మావయ్య ఆయనక్కూడా తల ఊపాడు, తన పని గుర్తించినందుకు.

తరవాత సినిమా దారి తప్పింది. పుస్తకంలో ఉన్న చెల్లెలు సినిమాలో లేనే లేదు. మావయ్య ఆమె కోసం పేజీలు అటూ ఇటూ తిప్పుతూ, "ఈ పిల్లనేం చేశార్రా" అని గొణుక్కున్నాడు. వానలో జరగాల్సిన గొడవ వంటింట్లో జరిగింది. "పుస్తకంలో అలా లేదు" అన్నాడు. ఉత్తరం చదవాల్సిన చోట మొగుడు ఈల వేసుకుంటూ గడియారం కీ తిప్పాడు. "ఇదెక్కడిది? పుస్తకంలో అసలు ఈలే లేదు" అన్నాడు. ఈసారి ఉష్‌లు నాలుగువైపుల నుంచీ వచ్చాయి. అత్తయ్య మాత్రం ఇవేవీ వినడం లేదు. సినిమాలో మునిగిపోయి ఉంది.

చివరి సీను వచ్చింది. ఆమె పెట్టె ఎత్తుకుంది. గుమ్మం దగ్గరకెళ్ళింది. అతను బల్ల ముందు కూర్చుని తలెత్తాడు. పెదాలు కదిలాయి.

"ఆగు. నేనూ వస్తాను" అని అందించాడు మావయ్య.

అతను అనలేదు.

"ఆగు. నేనూ వస్తాను" అన్నాడు మావయ్య, కాస్త పైకి.

తెర మీద అతను ఆమె వీపు వైపు చూస్తున్నాడు. చేతిలో చిన్న స్క్రూడ్రైవరు వణుకుతోంది.

"ఆగు! ఆగు అనవయ్యా!" మావయ్య లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ గుసగుస ఒక్కసారిగా గొంతు విప్పింది. "నేనూ వస్తానను! వెళ్ళిపోతోందయ్యా ఆవిడ! నోట్లో బెల్లమా?"

తెర మీద తలుపు మూసుకుంది. హాల్లో తలుపు తెరుచుకుంది. థియేటరు మనిషి పెద్ద టార్చితో వచ్చి మావయ్య మొహం మీద వేశాడు. మావయ్య తన చిన్న టార్చి అతని కంట్లోకి వేసి, "మీ ఎడమ కన్నెందుకో ఎర్రగా ఉంది, డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు. మర్యాదగానే బయటికి తోశారు.

లైట్లు వేశాక అత్తయ్య వచ్చింది. బుగ్గలు తడిసి ఉన్నాయి. పాప్‌కార్న్ అమ్మే కౌంటరు పక్కన మావయ్య పుస్తకం తెరిచి ఆ పేజీ మీద వేలితో పొడుస్తూ నిలబడ్డాడు.

"ఇదిగో, ఇక్కడుంది మాట. మర్చిపోయాడు. పక్కన అందించే దిక్కు లేకపోయింది."

"మర్చిపోలేదు" అంది అత్తయ్య.

"మరి?"

"అనలేకపోయాడు. నోటిదాకా వచ్చింది. చూడలేదూ మీరు? ఆ చెయ్యి చూడలేదూ? అతనికి మాట తెలుసు. తెలిసీ అనలేకపోయాడు. ఎంత బాగా చేశాడు! మీ గావుకేకల్లో కూడా నాకు ఏడుపొచ్చింది."

"అనకపోతే ఆవిడకెలా తెలుస్తుందోయ్?"

అత్తయ్య ఆయన వైపు తేరిపార చూసింది. పాప్‌కార్న్ అమ్మే అమ్మాయి కూడా చెయ్యి ఆపి చూసింది.

"తెలీదు. అందుకే వెళ్ళిపోయింది. పుస్తకంలో మనిషి అనాల్సింది రాస్తారు. సినిమాలో మనిషి చేసేదే చూపించారు."

"అయితే పుస్తకమే నయం."

"నయమే. కాదన్నానా?" అని ఆవిడ విసవిసా నడిచి వెళ్ళి కార్లో కూర్చుంది.

ఆరోజు నుంచి ఇంట్లో మాటలు బంద్. పెట్టె మంచం మీదికెక్కింది. అత్తయ్య రోజూ ఒకటో రెండో చీరలు మడతపెట్టి అందులో పెట్టేది. మావయ్య పక్కనే కుర్చీలో కూర్చుని, ఎప్పుడో కంఠతా వచ్చేసిన పుస్తకాన్ని మళ్ళీ చదివేవాడు. అన్నం వడ్డించారా, నీళ్ళొచ్చాయా లాంటివి నా ద్వారా అడిగించుకునేవారు. స్టీరింగు వాళ్ళ చేతిలో, తిట్లు నాకు అన్నట్టుంది నా పరిస్థితి, అచ్చం డ్యూటీలో ఉన్నట్టే.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే మావయ్యను షాపు దగ్గర దింపుతూ కారు పక్కకు తీసి ఆపేశాను.

"మావయ్యా, నీకసలు బుద్ధుందా? రేపు వెళ్ళిపోతోంది."

"నీ ఇష్టం అన్నాను కదే. అంతకంటే మర్యాదగా ఎవరంటారు?"

"మర్యాద ఎవరిక్కావాలి ఇక్కడ? వెళ్ళాలని ఉంటే నేనూ వస్తానని ఏడు."

మావయ్య ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బా మూత తీశాడు, పెట్టాడు. "అక్కడ నేనేం చేస్తానే? అందరి చెవుల్లోనూ మిషన్లేనట. ఊరికే కూర్చుంటానట."

"కూర్చో! ఆవిణ్ణి చూస్తూ కూర్చో. ఇన్నేళ్ళూ పక్కనుంచి సగం మొహమే చూశావు. ఇకనైనా ఎదురుగా కూర్చుని చూడు."

డబ్బా సీటు మీద పెట్టాడు. తరవాత నేనెప్పుడూ వినని గొంతుతో అన్నాడు. "నాకు భయమే. ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఉండాలంటే భయం. కానీ నాకు ఇంకొకళ్ళ మాటలే వచ్చు. నాదంటూ చెప్పబోతే నోరు ఎండిపోతుంది. ఎవరైనా మొదటి ముక్క అందిస్తే బాగుండు."

"నేనందిస్తా. వెనక్కి తిప్పనా కారు?"

"వద్దొద్దు. షాపుకి టైమైంది" అని దిగి గబగబా వెళ్ళిపోయాడు. నేర్పించే కార్లో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఎంత మొద్దు శిష్యుడినైనా గోడకు గుద్దకుండా ఆపగలను. ఇక్కడ నా కాలికి ఏమీ అందలేదు. నాకు జాలీ కోపమూ కలిసి వచ్చి, వెనక వచ్చే లారీవాణ్ణి అకారణంగా తిట్టాను.

మర్నాడు పొద్దున పెట్టె కిందికి మోసుకెళ్దామని పైకెళ్ళాను. పెట్టె చూస్తే పెద్దది, ఎత్తితే ఉత్తదానిలా లేచింది. ఏడాదికి వెళ్ళే మనిషి సామానేనా ఇది అనుకున్నాను. "అది నేను తెస్తాలే, నువ్వెళ్ళి కారు తియ్యి" అంది అత్తయ్య. వెళ్ళి కారు తీశాను. హారన్ కొట్టాను. ఎవరూ దిగలేదు. మళ్ళీ కొట్టాను. కిటికీల్లోంచి వీధంతా తొంగిచూసింది గానీ మా వాళ్ళు కాదు. తిట్టుకుంటూ మళ్ళీ మెట్లెక్కాను.

గుమ్మం దగ్గర అత్తయ్య పెట్టె పట్టుకుని, బయటివైపు మొహం పెట్టి నిలబడి ఉంది. చెయ్యి తెరిచిన తలుపు గడియ మీద ఉంది. వెనక బల్ల ముందు మావయ్య. ముందు పుస్తకం తెరిచే ఉంది. ఏ పేజీయో చెప్పక్కర్లేదు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. చెయ్యి వణుకుతోంది. థియేటర్లో ఆ నటుణ్ణి తిట్టిన మనిషి, అచ్చం ఆ నటుడిలాగే కూర్చున్నాడు. నేను అందించబోయాను. అత్తయ్య కళ్ళతోనే నన్ను ఆపింది.

అప్పుడు గుసగుస వినిపించింది. మావయ్యదే అనుకున్నాను. అత్తయ్యది. వెనక్కి తిరగకుండానే, పెదాలు కదిలీ కదలకుండా, ఆయన దగ్గరే నేర్చుకున్న పద్ధతిలో అందించింది.

"ఆగు. నేనూ వస్తాను."

మావయ్య ఉలిక్కిపడ్డాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆగి, కాస్త పైకి అంది. "ఆగు. నేనూ వస్తాను."

"వినపడిందిలే" అన్నాడు మావయ్య. పుస్తకంలోకి చూశాడు. టప్‌మని మూసేశాడు. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, "ఉండవే, ఉండు! పరుగెందుకు? ఆ పెట్టెలో నా బనియన్లకి చోటుందా లేదా? ముందది చెప్పు!" అని అరిచాడు. వీధిలోకి వినపడేంత గట్టిగా అరిచాడు.

అత్తయ్య పెట్టె కింద పెట్టింది. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని మూత తీసింది. ఒక పక్కన చీరలు సర్ది ఉన్నాయి. రెండో పక్క మొత్తం ఖాళీ.

కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఆయన వైపు తలెత్తి అంది. "పుస్తకంలో అలా లేదండీ."